ఒకటీ ముప్పావు కప్పుల బొంబాయి రవ్వ

ఈస్ట్ లాన్సింగ్, మిచిగన్
ఆదివారం, కిటికీ నిండా మంచు

అక్కయ్యా,

మొన్న ఫోన్లో అమ్మ అడిగినదానికి జవాబు తోచక, "సిగ్నల్ సరిగ్గా లేదమ్మా" అని పెట్టేసిన మాట నిజమే. ఆవిడ అడిగింది ఇదీ: "ఒరే, పదహారేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పావు గదా. ఇప్పుడు లెక్కలు చెప్పడం నేర్చుకోడానికి అమెరికా వెళ్ళావంటే, ఆ పదహారేళ్ళూ ఏం చెప్పినట్టురా?" ఇదే ప్రశ్న ఇక్కడ ఏ ప్రొఫెసరన్నా వేసి ఉంటే దానికి రీసెర్చ్ క్వశ్చన్ అని పేరు పెట్టి, ఐదేళ్ళు ఆలోచించుకోమనేవారు. అమ్మ ఐదు సెకన్లు కూడా ఇవ్వలేదు. అందుకే ఈ ఉత్తరం. నువ్వు చదివి ఆవిడకు అర్థమయ్యేలా చెప్పు. నువ్వూ టీచరువే కాబట్టి ఆ తంటా నీకు తప్పదు.

ఇకపోతే, ఈ ఉత్తరంలో 'నేను' అనే మాట వెతక్కు. అహంకారం చచ్చి కాదు. మన బీఈడీ రికార్డులు గుర్తున్నాయా? పేజీ మధ్యన నిలువు గీత కొట్టి ఎడమ పక్క ఉపాధ్యాయ కృత్యం, కుడి పక్క విద్యార్థి కృత్యం. ఉపాధ్యాయుడు నల్లబల్లపై త్రిభుజము గీయును. విద్యార్థులు శ్రద్ధగా గమనింతురు. అన్ని పాఠాలు అలా రాశాక మనిషికి తనను తాను వెనక బెంచీలోంచి చూసుకునే జబ్బు పట్టుకుంటుంది. పైగా ఇక్కడ జరిగినవాటిలో కొన్ని ఇంకొకడి మీదకు నెట్టేస్తే తప్ప చెప్పుకోలేనివి. కనుక ఇక్కణ్ణుంచీ ఇదే పద్ధతి: నీ తమ్ముడు చేయును, అమెరికా శ్రద్ధగా గమనించును.

నీ తమ్ముడు చదివేదేమిటో చెప్పడం ఇండియాలో ఎంత కష్టమో ఇక్కడా అంతే. దీపావళికి ఒక మిత్రుడి కారులో గంట ప్రయాణం చేసి డెట్రాయిట్ దగ్గరి నోవై వెళ్ళాడు. డెట్రాయిట్ చుట్టూ కార్ల కంపెనీలు, వాటి చుట్టూ సాఫ్ట్‌వేరు, దాని చుట్టూ మనవాళ్ళు. అక్కడ పులిహోర ప్లేటుతో ఒక పెద్దాయన పలకరించారు.

"ఏం చేస్తున్నావు బాబూ?"

"పీహెచ్‌డీ అండీ. మ్యాథమెటిక్స్ ఎడ్యుకేషన్‌లో."

"ఎడ్యుకేషన్ అంటే చదువే గదా. ఏ సబ్జెక్టులో?"

"అదేనండీ సబ్జెక్టు. లెక్కలు ఎలా చెప్పాలో టీచర్లకు నేర్పడం."

ఆయన వేరుశనగ పలుకు నములుతూ కాసేపు ఆలోచించారు. "అంటే పిల్లలకు నేర్పేవాళ్ళకు నేర్పడమెలాగో నువ్వు నేర్చుకుంటున్నావన్నమాట."

"సరిగ్గా అంతేనండీ."

"మంచిదే. అయిపోయాక డేటా సైన్స్‌లోకి మారిపోవచ్చా?"

ఆయన్ను అని లాభం లేదు. ఈ చదువుకు పుట్టిల్లు ఒకటి కాదు, రెండు. మిచిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఈ పీహెచ్‌డీని సైన్సు కాలేజీ, ఎడ్యుకేషన్ కాలేజీ కలిసి నడుపుతాయి. లెక్కల శాఖ ఉన్నది వెల్స్ హాల్లో, టీచర్ల చదువు ఎరిక్సన్ హాల్లో. నీ తమ్ముడు మొదటి చోట ఆల్జీబ్రా క్లాసులో కూర్చుని, ఇది తొమ్మిదో తరగతికి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తాడు. రెండో చోట మూడో తరగతి పిల్ల గీసిన రొట్టెముక్క బొమ్మ చూస్తూ, దీనికి నిరూపణ ఏమిటా అని ఆలోచిస్తాడు. రెండిళ్ళ చుట్టం ఏ విస్తరి దగ్గరా కుదురుగా కూర్చోడంటారే, అదీ.

బావగారికి మాత్రం ఒక ముక్క చెప్పు, సంతోషిస్తారు. ఇది పుట్టుకతో వ్యవసాయం బడి. 1855లో మిచిగన్ రాష్ట్రం దీన్ని పెట్టింది సేద్యం నేర్పడానికే. 1862లో లింకన్ సంతకం చేసిన చట్టంతో ప్రభుత్వ భూములు రాష్ట్రాలకిచ్చి, అవి అమ్మగా వచ్చిన సొమ్ముతో సేద్యమూ యంత్రవిద్యా నేర్పే కాలేజీలు నడపమన్నారు. మడి అమ్మి బడి కట్టడమన్నమాట. ల్యాండ్ గ్రాంట్ కాలేజీలని వాటికి పేరు. 1964లో మన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు చేయూతనిచ్చిన కాన్సస్ స్టేట్ యూనివర్సిటీదీ ఇదే వంశం. బావగారు చదివిన బాపట్ల కాలేజీ ఆ విశ్వవిద్యాలయం గొడుగు కిందకే వచ్చింది. బావాబావమరుదులు సగోత్రీకులు కాకూడదంటారు గానీ, చదువుల్లో మాకు ఆ దోషం తగిలేసింది.

ఇప్పటికీ క్యాంపస్ దక్షిణాన ఆవులున్నాయి. యూనివర్సిటీ సొంత పాల దుకాణంలో ఐస్‌క్రీం అమ్ముతారు. నీ తమ్ముడు అది తినడానికి బయల్దేరిన రోజు ఫోన్లో '5 డిగ్రీలు' అని చూపించింది. ఊటీలో చూడని చలా అనుకుని స్వెట్టర్ వేసుకుని నడిచాడు. తీరా అది ఫారన్‌హీట్. 5 లోంచి 32 తీసేసి, వచ్చినదాన్ని ఐదు బై తొమ్మిదితో గుణిస్తే మైనస్ 15. ఆ సూత్రాన్ని ఏటా పిల్లల చేత బట్టీ పట్టించిన మనిషికి, అది చెవుల చివర్ల దాకా ఎక్కింది ఆ రోజే. ఐస్‌క్రీం మాత్రం ఇంటికొచ్చాక కూడా కరగలేదు.

సరే, చదువు సంగతి. తాతయ్య మద్రాసు సైదాపేటలో ఎల్‌టీ, అంటే ఆనాటి టీచరు ట్రైనింగు, చేశానని మీసం దువ్వుకుంటూ, "నార్మల్ స్కూలు వాణ్ణిరా నేను, మీరంతా అబ్‌నార్మల్" అనేవారు కదా. ఆ పేరు తమాషాకి పెట్టింది కాదు. పంతుళ్ళకు ఒరవడి దిద్దించే చోటు కనుక ఫ్రెంచివాళ్ళు ఆ మాట వాడారు. దాన్నే అమెరికా పట్టుకుంది, మద్రాసూ పట్టుకుంది. సైదాపేటది 1856లో నార్మల్ స్కూలుగానే మొదలైంది. ఇక్కడికి గంట దూరంలో ఇప్సిలాంటి అని ఒక ఊరుంది. అక్కడ 1849లో పెట్టిన నార్మల్ స్కూలే ఈనాటి ఈస్టర్న్ మిచిగన్ యూనివర్సిటీ. పంతులు ఊరికే పుట్టడు, తయారుచేయాలి అని నమ్మి సర్కారు డబ్బు పెట్టడం మొదలుపెట్టి నూట డెబ్భై ఏళ్ళు దాటింది. ఏం పెట్టి తయారుచేయాలన్న తగువు మాత్రం ఇంకా తేలలేదు.

ఆ తగువులో మధ్యవర్తి పేరు లీ షుల్మన్. 1963 నుంచి 1982 దాకా ఈ యూనివర్సిటీలోనే పాఠాలు చెప్పి, తర్వాత స్టాన్‌ఫర్డ్ వెళ్ళాడు. ఆయన 1985లో ఒక సభలో చేసిన ప్రసంగం మరుసటేడు అచ్చయింది. చేతకానివాళ్ళే బడిపంతుళ్ళవుతారని బెర్నార్డ్ షా విసిరిన ఎత్తిపొడుపుకు అది సమాధానం. అందులో ఆయన ఒక పాత కాగితం బయటికి తీశాడు. 1875లో కాలిఫోర్నియాలో టీచరు ఉద్యోగానికి పెట్టిన పరీక్ష. మొత్తం మార్కులు 1000. అందులో 'పాఠం చెప్పడం ఎలా' అన్నదానికి 50. మిగతా అంతా సబ్జెక్టే. నూరేళ్ళు గడిచేసరికి కథ అడ్డం తిరిగింది. టీచరు బోర్డు ఎలా వాడాడు, క్లాసు ఎలా అదుపు చేశాడు, పాఠ్యప్రణాళిక రాశాడా, ఇవే చూస్తున్నారు. ఇంతకీ చెప్పిన విషయం ఎక్కడికి పోయింది, అన్నాడు షుల్మన్.

సబ్జెక్టు తెలియడం ఒకటి, పాఠం చెప్పడం తెలియడం ఇంకొకటి. ఇవి కాక ఆయన చెప్పిన మూడో రకం తెలివికి పెడగాజికల్ కంటెంట్ నాలెడ్జ్ అని పేరు. ముద్దుపేరు పీసీకే. అమ్మకు ఇలా చెప్పు: కాకరకాయ కూర వండటం ఒక విద్య. ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టి అన్నం తినిపించడం ఇంకొక విద్య. ఐదేళ్ళవాడి చేత కాకరకాయ కూరే తినిపించడం మూడో విద్య. ఎంత బెల్లం వేస్తే చేదు చావకుండా లొంగుతుందో, ఏ ముక్క దగ్గర వాడు మొహం తిప్పుకుంటాడో తెలియాలి. వంట పుస్తకంలో అది ఉండదు, పిల్లల పెంపకం పుస్తకంలోనూ ఉండదు. నీ తమ్ముడు ఆ మూడో విద్య కోసం వచ్చాడు. వచ్చి మొదటి వారంలోనే బోల్తాపడ్డాడు.

మొదటి సెమినార్. పొడుగు బల్ల చుట్టూ ఎనిమిది మంది. ప్రొఫెసరమ్మ బోర్డు మీద ఒకటే లెక్క వేశారు: ఒకటీ ముప్పావును అరతో భాగించాలి. చేశాక, ఆ లెక్కకు సరిపోయే కథ ఒకటి చెప్పాలి. అంతే. పదహారేళ్ళ సర్వీసున్న స్కూల్ అసిస్టెంటును ఐదో తరగతి లెక్క అడుగుతారా అని నీ తమ్ముడికి లోపల చిన్న ఉక్రోషం. తిరగేసి గుణించేశాడు. ఏడు బై నాలుగు ఇంటూ రెండు, ఏడు బై రెండు, మూడున్నర. రెండు సెకన్లు. పక్కన ఘానా నుంచి వచ్చినాయన ఇంకా పెన్ను మూత తీస్తున్నాడు.

కథ కూడా ముందు తనే చెప్పాడు. "మా ఇంట్లో ఒకటీ ముప్పావు బొబ్బట్లు మిగిలాయి. ఇద్దరు పిల్లలకు సగం సగం పంచాలి."

ప్రొఫెసరమ్మ తప్పని అనలేదు. తప్పని అనకపోవడం ఇక్కడి టీచర్ల బ్రహ్మాస్త్రం. మెల్లిగా, "ఒక్కొక్కరికీ ఎంత వస్తుంది?" అన్నారు.

"మూడున్నర" అన్నాడు, గర్వంగా.

నిశ్శబ్దం. ఉన్నవే రెండుకు తక్కువ బొబ్బట్లు, తలా మూడున్నర. ద్రౌపది అక్షయపాత్ర కూడా ఇంత దిగుబడి ఇచ్చి ఉండదు. ఘానా ఆయన గంభీరంగా, "ఆ ఇంటి అడ్రసు కావాలి" అన్నాడు. అప్పటికి గాని వెలగలేదు. సగం సగం పంచడమంటే రెండుతో భాగించడం, అరతో కాదు. తలా వచ్చేది ముప్పావు మీద ఇంకో పరక, అంటే ఎనిమిదింట ఏడు. జవాబు ఒక లెక్కది, కథ ఇంకో లెక్కది. నోటికి వచ్చిన లెక్క బుర్రకు రాలేదు.

కొంత ఊరట ఏమిటంటే, ఆ గోతిలో ముందే చాలామంది పడ్డారు. ఆ ప్రశ్న పుట్టిందే ఈ ఊళ్ళో. 1988లో ఇక్కడ పీహెచ్‌డీ పూర్తిచేసిన డెబోరా బాల్ టీచర్లను ఇలాంటి ప్రశ్నలు అడిగి, వాళ్ళ ఆలోచన ఎలా నడుస్తోందో చూసింది. ఆ ప్రశ్నల్నే తర్వాత లిపింగ్ మా చైనాకు పట్టుకెళ్ళింది. చైనా వాళ్ళు ఇంటిపేరు ముందు చెప్తారు కాబట్టి ఆవిణ్ణి 'మా లిపింగ్' అనాలి. అలా అంటే మన పక్కింటమ్మాయే అనిపిస్తుంది. షాంఘైలో చదువుకుంటున్న పిల్ల, సాంస్కృతిక విప్లవం రోజుల్లో పల్లెకు పంపేస్తే అక్కడ బడిపిల్లలకు పాఠాలు చెప్పింది. తర్వాత మిచిగన్ స్టేట్‌లో చేరి, స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు ముగించింది. 1999లో వచ్చిన ఆవిడ పుస్తకంలో ఈ లెక్క ఉంది. అమెరికా టీచర్లు 23 మంది. 21 మంది లెక్క చేయబోతే, సరైన జవాబు దాకా వచ్చింది 9 మంది. పదిమంది అచ్చం నీ తమ్ముడిలాగే అరకూ రెండుకూ తేడా మరిచారు. చైనాలో అడిగిన 72 మందీ లెక్క సరిగ్గా చేశారు. 65 మంది కథలు కూడా అల్లారు. చదువులో చూస్తే వాళ్ళే అమెరికా వాళ్ళకంటే తక్కువ. తొమ్మిదో తరగతి తర్వాత రెండుమూడేళ్ళ ట్రైనింగు, అంతే. నీ తమ్ముడేమో లెక్కలో చైనా, కథలో అమెరికా.

అసలు జ్ఞానోదయం శనివారం వంటింట్లో అయింది. అమ్మ వాట్సాప్‌లో పెట్టిన ఉప్మా కొలతల ప్రకారం రవ్వ ఒకటీ ముప్పావు కావాలి. ఇక్కడ దేనికైనా కొలత కప్పులు ఉంటాయి: ఒకటి, అర, మూడోవంతు, పావు. రింగుకు తాళంచెవుల్లా వేలాడుతుంటాయి. నీ తమ్ముడి దగ్గర ఒక కప్పూ పావు కప్పూ సింకులో, వారం నాటి దోసెల పిండి తగిలించుకుని నానుతున్నాయి. కడగడానికి బద్ధకం. చేతిలో ఉన్నది అర కప్పు. పొయ్యి మీద పోపు చిటపటమంటోంది.

అర కప్పు ఒకటి పోశాడు. రెండు. ఒక కప్పయింది. మూడోది. ఒకటిన్నర. ఇంక పావు కప్పు కావాలి. అర కప్పులో సగానికి రవ్వ తీశాడు. తీసి అలాగే నిలబడిపోయాడు. నిండా మూడు, సగం ఒకటి. మూడున్నర! మిగిలింది పావే అయినా, కొలిచే కప్పుకు అది సగం. మూడు మీద ఉన్న ఆ 'అర', రవ్వలో అర కాదు, గిన్నెలో అర. పదహారేళ్ళు తిరగేసి గుణించి తెచ్చిన మూడున్నర, మొదటిసారి కళ్ళెదురుగా రవ్వలా కనిపించింది. ఆ ఆనందంలో పోపు సంగతి మరిచాడు. ఎండుమిరపకాయలు నల్లబడ్డాయి, పొగ లేచింది, సీలింగుకున్న స్మోక్ అలారం ఊరంతా లేచేలా మోగింది. పక్క వాటా కొరియా కుర్రాడు తలుపు కొట్టేసరికి, నీ తమ్ముడు కుర్చీ ఎక్కి తుండుగుడ్డతో అలారానికి విసురుతూ "మూడున్నర, మూడున్నర" అంటున్నాడు.

ఆ పూట తిన్నది మాడిన ఉప్మా. కానీ తింటుంటే అమ్మే గుర్తొచ్చింది. మన పాడి రోజుల్లో పాలు పోయడం ఎలా ఉండేది? నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఒకటీ ముప్పావు తవ్వ పాలున్నాయి, సోలతో ఎన్ని పోస్తావమ్మా అని ఎవరన్నా అడిగితే, కాగితం లేకుండా, "మూడు నిండా, నాలుగోది సగానికి" అనేది. ఆవిడ దేన్నీ తిరగెయ్యలేదు, పాలచెంబును తప్ప.

మరుసటి వారం సెమినార్‌కు నీ తమ్ముడు ఆ కొలతలు పట్టుకెళ్ళాడు. వాటితోపాటు మన పాత భిన్నాంకెలు కూడా. ఒకటిని నాలుగు పాళ్ళు చేస్తే నిలువు గీతలు: పావుకొకటి, అరకు రెండు, ముప్పావుకు మూడు. పావును మళ్ళీ నాలుగు చేస్తే వీసం, వాటికి అడ్డగీతలు. ఏదీ లేకపోతే హళ్ళి. కరణాల లెక్కల పుస్తకాల్లో మగ్గిపోయిన ఈ గుర్తులకు 2008లో యూనికోడ్‌లో చోటిచ్చారు. అంటే ఫోన్లో అవి ఉండటానికైతే ఉన్నాయి, వాడేవాళ్ళే లేరు. బోర్డు మీద నిలువు గీతలు మూడు గీసి ముప్పావు అనగానే, అందరూ ఫోన్లు తీసి ఫోటో కొట్టుకున్నారు. నీ తమ్ముడికి ఈ దేశంలో దక్కిన మొదటి చప్పట్లు కరణాల ఖాతాలోవి.

ఇంత వేడుకలోనూ ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. చాలా ఏళ్ళ కిందట ఏడో తరగతిలో ఒక కుర్రాడు లేచి, "ఎందుకు తిరగెయ్యాలి సార్?" అని అడిగాడు. నీ తమ్ముడు, "మార్కులు కావాలంటే తిరగెయ్యాలి, కూర్చో" అన్నాడు. క్లాసంతా నవ్వింది. వాడూ నవ్వేశాడు. మళ్ళీ ఎప్పుడూ ఏమీ అడగలేదు. పేరు గుర్తు లేదు. కిటికీ పక్క రెండో బెంచీ.

ఆ కుర్రాడు ఎక్కువగా గుర్తొచ్చేది ఇక్కడ ఒక వీడియో చూసినప్పుడు. ఊరి చివర స్పార్టన్ విలేజ్ అని పెళ్ళయిన విద్యార్థులు కాపురాలుండే పేట ఒకటుండేది. వాళ్ళ పిల్లల కోసం ఒక బడి ఉండేది. పిల్లలు సగం ప్రపంచం నుంచి వచ్చినవాళ్ళు. డెబోరా బాల్ అక్కడ మూడో తరగతికి రోజూ లెక్కలు చెబుతూ, 1989-90లో ఏడాదంతా రికార్డు చేయించింది. 1990 జనవరి 19న షాన్ అనే పిల్లాడు లేచి, 6 అనేది సరి సంఖ్యా అవుతుంది, బేసి సంఖ్యా అవుతుంది అన్నాడు. ఎందుకంటే 6లో జతలు మూడున్నాయి, మూడేమో బేసి. మన దగ్గరైతే ఏం జరిగేదో నీకు చెప్పక్కర్లేదు. ఆ టీచరు వాణ్ణి కూర్చోమనలేదు. క్లాసును అడిగింది. ఒకమ్మాయి బోర్డు దగ్గరకెళ్ళి, "అలాగైతే 10లో జతలు ఐదు. అదీ రెండూ అయిపోతుందిగా" అని వాదించింది. వాడు కంగారుపడతాడనుకుంటాం. పడలేదు. ఈ సంగతి తనకు తట్టలేదని, చెప్పినందుకు థాంక్స్ అని, 10 కూడా రెండూ అవుతుందని ఒప్పేసుకున్నాడు! పొడుగాటి వాదం తర్వాత క్లాసు ఆ సంఖ్యలకు పేరు పెట్టుకుంది. 2, 6, 10, 14, ఇలా నాలుగేసి తేడాతో వచ్చేవన్నీ షాన్ సంఖ్యలు. సరి సంఖ్య నిర్వచనం చెక్కుచెదరలేదు. పిల్లాడి పేరు మాత్రం లెక్కల చదువులున్న చోటల్లా తిరుగుతోంది. మనం చింతపిక్కలతో సరీబేసీ ఎన్ని వేలసార్లు ఆడామో. గుప్పిట్లో జతలు ఎన్ని అని మాత్రం ఎవరమూ లెక్కపెట్టలేదు.

ఇక వీడియో నీ తమ్ముడిదీ తీశారు. దగ్గర్లో ఒక బడిలో అరగంట పాఠం. బీఈడీలో తోటి ఛాత్రోపాధ్యాయులే పిల్లల వేషం వేసుకుని కూర్చున్న ఆరు నిమిషాల మైక్రో టీచింగ్ లాంటిదే అనుకున్నాడు. అన్నట్టు అది కూడా 1963లో స్టాన్‌ఫర్డ్‌లో పుట్టినదే. ఇక్కడ పిల్లలు నిజం పిల్లలు. పాఠం బ్రహ్మాండంగా వచ్చిందని, ఎక్కడా తడబడలేదని లోలోపల మురిసిపోయాడు. తర్వాత ప్రొఫెసరమ్మ స్టాప్‌వాచ్ ఇచ్చి, ప్రశ్న వేశాక ఎన్ని సెకన్లు ఆగారో మీరే కొలుచుకోండన్నారు.

మేరీ బడ్ రో అనే ఆవిడ 1970లలోనే దీన్ని కొలిచింది. టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను ఆగుతారు. మూడు సెకన్లు ఆగితే చాలు, పిల్లల జవాబులు పొడుగవుతాయి, ఎప్పుడూ నోరెత్తనివాళ్ళు కూడా ఎత్తుతారు. నీ తమ్ముడు ఒకటికి పదిసార్లు కొలిచాడు. తన సగటు సున్నాకు కొంచెం పైన. రెండు చోట్లయితే ప్రశ్న సాంతం పూర్తి కాకముందే జవాబు చెప్పేశాడు. ఒక చోట, "ఇందులో సగం ఎంత, రెండు, వెరీ గుడ్" అని తన్ను తానే మెచ్చుకున్నాడు. చేయి సగం పైకెత్తిన పిల్లలు, దించేసిన పిల్లలు వీడియోలో వరసగా కనబడుతున్నారు. వీళ్ళల్లో కిటికీ పక్క ఎవరన్నా ఉన్నారా అని చూశాడు. ఉన్నాడు.

ఇప్పుడు ఆగడం సాధన చేస్తున్నాడు. మూడు సెకన్లంటే నీకు చిన్నగా అనిపించొచ్చు. ముప్పై మంది నిన్నే చూస్తుండగా నోరు మూసుకుని నిలబడి చూడు, సంక్రాంతి సెలవులంత పొడుగుంటాయి. నీ తమ్ముడు ఆ మూడు సెకన్లూ మనసులో "ఒక సోల, రెండు సోలలు, మూడు సోలలు" అనుకుంటాడు.

ఇంకో వింత. ఇక్కడ పరిశోధన కోసం పిల్లల్ని ఒక్క ప్రశ్న అడగాలన్నా యూనివర్సిటీ కమిటీ ఒప్పుకోవాలి, తల్లిదండ్రులు సంతకం పెట్టాలి, ఆపైన ఆ పిల్లా సరేననాలి. కమిటీ దాటాడు. సంతకాలు వచ్చాయి. తీరా రంగు పెన్నులు, బిళ్ళలు, రికార్డరు అన్నీ సర్దుకుని కూర్చుంటే ఏడేళ్ళ పిల్ల వచ్చి, కుర్చీ ఎక్కి, ఒప్పుకోలు కాగితం చదువుతుంటే అంతా వినేసి, "ఇవాళ నాకు ఇష్టం లేదు" అంది. అంతే. "అలాగేనమ్మా, థాంక్యూ" అని చెప్పి పంపేశాడు. ఒక్క మాటతో అన్నీ మళ్ళీ సంచిలో పెట్టించింది. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "రేపు ఇష్టం ఉండొచ్చు" అని హామీ ఇచ్చింది. నీ తమ్ముడు దాన్ని డైరీలో తేదీ వేసి రాసుకున్నాడు.

డబ్బు సంగతి అమ్మ అడుగుతుంది. ఫీజు లేదు. వారానికి ఇరవై గంటలు, కాబోయే టీచర్ల క్లాసుకు సాయం చేసినందుకు జీతం వస్తుంది. విద్యార్థి వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో అంతకుమించి పని చేయకూడదు, కాబట్టి గొడ్డులా చాకిరీ చేస్తున్నాడన్న బెంగ వద్దు. ఆ క్లాసులో పిల్లలు ప్రొఫెసర్లను కూడా పేరు పెట్టి పిలుస్తారు. నీ తమ్ముడికి నోరు రాదు. పేరు పలికి, వెంటనే లోపల 'గారు' అనుకుంటాడు. ఆ గ్యాపులో అవతలివాళ్ళు ఇంకేదో చెప్పబోతున్నాడని ఎదురుచూస్తారు.

ఇక నీకు ఇంటిపని. రేపు బళ్ళో మీ మూడో తరగతిని, 6 సరా బేసా అని అడుగు. అడిగి ఆగు. ఎవరన్నా రెండూ అంటే చీవాట్లు పెట్టక, వాడు చెప్పింది చెప్పినట్టు రాసి పంపు. మీ ఎంఈఓగారు అప్పుడే ఇన్‌స్పెక్షన్‌కు వస్తే మాత్రం, సరి సంఖ్య అనే రాయించు.

పిల్లలకు ముద్దులు. బావగారికి నమస్కారాలు, సగోత్రీకుడినని చెప్పు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. మే నెలలో తణుకు నుంచి ఒకాయన ఇక్కడికి వస్తున్నారు. అటక మీది ఇత్తడి సోల, గిద్ద ఆయనతో పంపించు. అమ్మ వాటిని స్టీలు సామాన్లవాడికి వేయబోతే అడ్డుపడు. ఇక్కడ వాటి మీద సెమినార్ ఉంది. కందిపొడి కూడా పంపు. ఎంత అంటావేమో, ఒకటీ ముప్పావు కేజీ. అర కేజీ కవర్లలో కట్టించు. ఎన్ని కవర్లు కావాలో అమ్మను అడుగు. అడిగాక మాత్రం నువ్వు చెప్పెయ్యకు, మూడు సోలలు లెక్కపెట్టుకో.